నీలి వస్త్రముల కొండసీమ – హానీ స్త్రీల కట్టును, నేతయు

చైనా దేశమునకు నైఋతి మూలనున్న యునాన్ రాష్ట్రము కొండలకును, లోయలకును, బహుజాతుల జనులకును ప్రసిద్ధి కెక్కినది. ఆ రాష్ట్రపు దక్షిణభాగమున హోంగ్‌హే, అనగా ఎర్రనది, వాయవ్యమునుండి ఆగ్నేయమునకు ప్రవహించి వియత్నాము దేశమును ప్రవేశించి తుదకు సముద్రమును చేరును. ఆ నదికి కుడివైపున ఐలావో పర్వతశ్రేణి గోడవలె నిలిచియున్నది. ఈ కొండలలో తరతరములుగా నివసించుచు, కొండవాలులను మెట్లుమెట్లుగా మలచి వరి పండించుచున్నవారు హానీ జాతివారు. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో చైనాయందు వీరి సంఖ్య 17 లక్షలకు పైబడినది. వీరి బంధువర్గమే అఖా యను పేర బర్మా, లావోస్, థాయిలాండు కొండలలోను, హానీ శాఖలవారే వియత్నాము ఉత్తరభాగమునను కలరు.

ఈ జాతి స్త్రీలు ప్రత్తిని వడకి, నేసి, నీలిమందులో ముంచి, కుట్టి, వెండితో నలంకరించి ధరించు దుస్తులను గూర్చి మేము చదివియుంటిమి. ప్రత్యక్షముగ చూడవలెనను కోరికతో ఆ సీమకు పోయి, చూచినదానిని, తెలిసికొన్నదానిని మన సోదరీమణులకు విన్నవింప నెంచితిమి.

దేశమును, జనులును

రాష్ట్ర రాజధానియైన కున్మింగ్ నుండి దక్షిణముగ బయలుదేరి ఎర్రనది లోయకు దిగినచో గాలి వేడెక్కును. నదియొడ్డున అరటితోటలు కానవచ్చును. లోయయందలి నాన్షా పట్టణము వేసవిలో మన రాయలసీమవలెనే మండును. అచ్చటినుండి బండి మలుపుల బాటవెంట పైకెక్కుచున్నకొలది చలి హెచ్చును; మేఘములు దారికి అడ్డముగ వచ్చును. ఒకే దినమున వేసవియు, శీతకాలమును చూచినట్లయ్యెను. లోయయడుగున దాయ్ జాతివారు, వారికి పైన హానీలు, యీ జాతివారు, ఆపై మియావ్, యావ్ మున్నగువారు ఎత్తునుబట్టి నివాస మేర్పరచుకొనిరి.

హానీ గ్రామము ఎల్లప్పుడును కొండ నడుమనుండును. గ్రామమునకు పైన అడవి, క్రింద మెట్లపొలము. అడవి వాననీటిని పట్టియుంచి ఊటలుగ విడుచును. ఆ నీరు కాలువలగుండ గ్రామమును దాటి మళ్ళలోనికి దిగి, ఒక మడినుండి మరియొక మడికి జారుచు నదిని చేరును. ఎవరి పొలమునకెంత నీరు రావలెనో కాలువ కడ్డముగ నుంచిన కొయ్యకు గాట్లు పెట్టి నిర్ణయింతురు. కొన్నిచోట్ల అడవి అంచునుండి లోయయడుగువరకు మూడువేల మెట్లదాక కలవు. సుమారు 1,300 సంవత్సరములుగ సాగుచున్న ఈ సేద్యమును గుర్తించి, 2013లో ఐక్యరాజ్యసమితి విద్యా వైజ్ఞానిక సాంస్కృతిక సంస్థ 16,603 హెక్టారుల మేర, అనగా సుమారు 41 వేల ఎకరముల భూమిని, ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది.

దుస్తులను గూర్చి చెప్పబూని పొలములను గూర్చి యింత చెప్పుటకు కారణము కలదు. హానీ స్త్రీ కట్టు ఆమె పొలమునుండి పుట్టినది. మోకాలిలోతు నీటిలో నిలిచి నారు నాటువారి బట్ట యెట్లుండవలెను? మట్టి కనబడనిదై, చలి కాచునదై, కొండయెక్కునపుడు కాలికి తగులనిదై యుండవలెను. ఆ మూడు గుణములును వీరి దుస్తులలో కలవు. ముదురు నీలిరంగు నలుపుతో సమానముగ దిగిన దళసరి నూలుబట్ట, పొట్టి అంగీ, కుదురైన లాగు లేక పొట్టి పావడ — ఇవియే దానికి మూలము. తక్కిన శృంగారమంతయు ఆ మూలముపై పెరిగినది.

ప్రత్తి, కదురు, మగ్గము

ప్రత్తి ఎత్తైన చలికొండలపై చక్కగ పండదు. దిగువ వేడినేలలలో పండించుటయో, సంతలో కొనుటయో జరుగును. గింజతీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి వడకుట స్త్రీల పని. అఖా స్త్రీల చేతికదురు మిక్కిలి విచిత్రమైనది. ఒక సన్నని పుల్ల, దానికి బరువుగ ఒక చిన్న బిళ్ళ. స్త్రీ దానిని తొడపై ఒక్కసారి దొర్లించి విడుచును. అది గిరగిర తిరుగుచు నూలు తీయును. దారి నడచుచునే, వీపున కట్టెలమోపో, గంపయో మోయుచునే, ఆమె నూలు వడకును. పొలమునకు పోవు బాట ఆమెకు రాట్నశాల. ఖద్దరు ఉద్యమకాలమున మన ఇండ్లలో తకిలి చేతబట్టి కూర్చుండిన పెద్దలను ఎరిగినవారికి ఈ దృశ్యము వెంటనే మనసునకు హత్తుకొనును. కాని మనవారు కూర్చుండి వడకిరి. వీరు నడచుచు వడకుదురు.

నూలు చిలుపలుగ చుట్టి, గంజి పెట్టి, పడుగు పోసి మగ్గమున కెక్కింతురు. వారి మగ్గము నాలుగు గుంజలు పాతి వెదురుతో కట్టుకొన్న చిన్నది. కాళ్ళతో త్రొక్కుచు, చేత నాడె విసరుచు నేయుదురు. దానిపై దిగు బట్ట జానెడు వెడల్పు మాత్రమే! మన చీర నేయు మగ్గముల పన్నును తలచుకొన్నచో ఇది రిబ్బనువలె తోచును. కాని ఈ యిరుకుతనమున ఒక యుక్తి యున్నది. జానెడు బట్టను కత్తిరించనక్కరలేదు. నిలువుగ ప్రక్కప్రక్కన చేర్చి కుట్టినచో అంగీ యగును. ముక్క వృథా పోదు. అంగీ కుట్టు విధము మగ్గమే నిర్ణయించినది.

నీలిబాన

మేము చూడగోరిన వానిలో ముఖ్యమైనది నీలిరంగు వేయు పని. మన దేశమున నీలిమందును చిక్కుడు, కంది మొదలగువాని కుటుంబమునకు చెందిన నీలిచెట్టునుండి తీసిరి. హానీలు వాడు చెట్టు వేరొకటి. తేమగల నీడలో పెరుగు ఆ మొక్క మన కనకాంబరమునకును, అడ్డసరమునకును చుట్టము. రెండు చెట్లును వేరు కుటుంబములవయ్యు, రెండింటి ఆకులనుండియు వెలువడు రంగుపదార్థ మొక్కటియే యగుట ప్రకృతి వింతలలో నొకటి.

ఆకును, లేతకాడలను కోసి నీటితొట్టిలో కొన్నిదినములు నానబెట్టుదురు. ఆకు క్రుళ్ళి నీరు పచ్చగ మారినపిమ్మట పిప్పిని తీసివేసి, సున్నము కలిపి, ఆ నీటిని కర్రతోనో, చేటతోనో చాలసేపు చిలుకుదురు. చల్ల చిలికినట్లే నురుగు లేచును. నీటి రంగు పచ్చనుండి నీలమునకు మారును. నిలువనిచ్చినచో అడుగున బురదవలె నీలిముద్ద దిగును. పైనీరు వంపి ఆ ముద్దను భద్రపరతురు.

బట్టకు రంగు వేయవలసినపుడు ఆ ముద్దను బానలో కట్టెబూడిద నీటితోను, కొంచెము బియ్యపు సారాయితోను కలిపి మగ్గనిత్తురు. నీలిమందు ఉత్తనీటిలో కరగని పదార్థము. బాన పులిసినపుడే కరగి నూలులోనికి ప్రవేశింపగలదు. బట్టను ముంచి తీసినపుడది పచ్చగనుండును. గాలి తగిలినకొలది మన కన్నులయెదుటనే నీలముగ మారును. ఒకసారి ముంచిన లేతనీలము. పదేపదే ముంచి, ఆరవైచి, మరల ముంచినగాని నలుపుతో పోటీపడు ఆ నిగ్గు రాదు. ఇట్లు దినములు గడచును. ఆ దినములలో స్త్రీల చేతులు మోచేతులదాక నీలమై యుండును.

మేమొక గ్రామమున వంటయింటి ప్రక్క వసారాలో అట్టి బానను చూచితిమి. అరువది యేండ్లు దాటిన ఆ యింటి యజమానురాలు మూత తీసి మొదట వాసన చూచెను. పిమ్మట వ్రేలు ముంచి నాలుకకు తాకించెను. మాకు దుబాసిగ వచ్చిన చదువుకొన్న బాలిక చెప్పినదేమనగా: “అవ్వ బానకు ఆకలి వేయుచున్నదనుచున్నది. కొంచెము సారాయి పోయవలెనట.” పులిసిన బానను ప్రాణమున్నదానివలె చూచుకొనుట చూచి మాకు మన యిండ్ల ఆవకాయజాడీలు జ్ఞప్తికి వచ్చినవి. తడిచేయి పెట్టనీయక, వేళకు కలియబెట్టుచు, ఇంటి పెద్దావిడ వాటిని కనిపెట్టుకొనియుండును గదా!

ఈ నీలిమందు మన దేశచరిత్రలో కన్నీటి పంట. కడప, నెల్లూరు మండలములలో దీని తొట్లు మెండుగ నుండెడివి. బీహారమందలి చంపారన్‌లో రైతు తన ఇరువది కఠాల భూమిలో మూడు కఠాలు దొరలకొరకు నీలి పండించితీరవలెనను నిర్బంధముండెను. 1917లో గాంధీమహాత్ముడు అచ్చటికేగి రైతుల పక్షమున నిలిచెను. జర్మనీ దేశపు రసాయనశాలలలో తయారైన కృత్రిమపు నీలిమందు 1897లో అంగడికెక్కినది మొదలు చెట్టునీలికి గిరాకి క్షీణించెను. హానీ కొండలలోమాత్రము నీలిచెట్టు దొరలకొరకు గాక, పెరటిలో స్త్రీ తన యింటివారి బట్టకొరకు వేసికొన్న మొక్క. ఒకే రంగు ఒకచోట బానిసతనమునకు, మరియొకచోట గృహిణి నేర్పునకు గురుతైనది.

కట్టు తీరులు

హానీలలో శాఖలు పెక్కు. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క కట్టు. సంతదినమున నిలిచి చూచుటయే దీనిని తెలిసికొనుటకు సులభమార్గము. యువాన్‌యాంగ్ కొండలలో సంత ఒక్కొక్కదినము ఒక్కొక్క ఊర కూడును. ఏ స్త్రీ ఏ జాతిదో, ఏ శాఖదో, ఒక్కొక్కప్పుడు ఏ ఊరిదో, అచ్చటివారు దూరమునుండియే చెప్పగలరు.

యువాన్‌యాంగ్ ప్రాంతపు హానీ స్త్రీలు ముదురు నీలిఅంగీని ప్రక్కకు మడచి వెండిగుండీలతో బిగింతురు. చేతి అంచులకును, మెడచుట్టును రంగురంగుల పట్టీలు కుట్టుదురు. నడుము వెనుక కుట్టుపనిగల పట్టీ యొకటి కట్టి, దాని చివరలను తోకవలె వ్రేలాడనిత్తురు. తలకు నల్లనిగుడ్డ చుట్టుదురు. కన్య జడను వ్రేలాడనిచ్చును. పెండ్లియైన స్త్రీ జడలను శిరముపై చుట్టి గుడ్డతో కప్పును. మన మంగళసూత్రము, మెట్టెలు తెలుపునది అక్కడ జడ తెలుపును.

హోంగ్‌హే జిల్లాలో యిచే యను శాఖవారి కట్టు చూచువారికి మొదట ఆశ్చర్యము కలిగించును. తలపై తెల్లని కోసుగల ముసుగు. పైన ఒకదానిమీద నొకటిగ తొడిగిన గుండీలులేని నీలిఅంగీలు. క్రింద తొడలవరకు మాత్రమే వచ్చు నల్లని పొట్టిలాగు. అంగీల పొరలు ఎంత ఎక్కువైన ఆ యిల్లు అంత కలిగినదని గుర్తు. కాళ్ళు బయటపడుటను వారు సిగ్గుగ నెంచరు. బురదమడిలో దినమంతయు నిలుచువారి కది సౌకర్యము. సిగ్గు అనునది ఏ దేశమున నేయవయవమును పట్టియుండునో ఆ దేశపు పనిపాటలే నిర్ణయించునని మాకు తోచినది. పల్లెలలో నాట్లువేయునపుడు మన కూలిస్త్రీలు చీరను మోకాళ్ళపైకి ఎగదోపి గోచి బిగించుట యెవరికి తప్పుగ కానవచ్చినది?

వియత్నాము సరిహద్దునందలి నల్లహానీ స్త్రీలు నల్లని ఉన్నిదారములతో అల్లిన లావుపాటి జడను తలచుట్టు కిరీటమువలె చుట్టుకొందురు.

అఖాల కట్టు వీరందరిలో మిక్కిలి అలంకృతమైనది. ముందు సాదాగను, వెనుక కుచ్చెళ్ళుగను ఉండు పొట్టిపావడ. వీపుభాగమున రంగుగుడ్డల అతుకుపనియు, కుట్టుపనియు నిండిన అంగీ. ముళ్ళు, జెలగలు తగులకుండ పిక్కలకు తొడుగులు. నడుమునుండి ముందువైపు వ్రేలాడు పూసలపట్టీ. ఈ పట్టీ అందమునకు మాత్రమే గాదు. దాని చివరలకు కూర్చిన నాణెములు, పూసలు బరువుగనుండుటచే కొండయెక్కునపుడును, కూర్చుండునపుడును పొట్టిపావడ చెదరక నిలుచును. అలంకారమును, మర్యాదయు ఒకే వస్తువులో ఇమిడియున్నవి.

శిరోభూషణము, వెండి

అఖా స్త్రీ శిరోభూషణము లోకప్రసిద్ధమైనది. శాఖనుబట్టి అది మూడు విధములుగ నుండును: కోసుగ లేచునది, వెనుక వెండిపలకగలది, శిరస్త్రాణమువలె తలనంతను కప్పునది. పూర్వాచారమున పొలములో పనిచేయునపుడును, నిద్రించునపుడును సైతము దీనిని తీయకుండెడివారు. వెదురుబద్దలపై గుడ్డ కప్పి, వెండిబుడిపెలు, పూసలు, గవ్వలు, రంగువేసిన కోడియీకలు, ఒక జాతి గడ్డికి కాచు తెల్లని గట్టిగింజలు దానికి కుట్టుదురు. ఆ గింజకు నడుమ సహజముగనే రంధ్రముండును. భగవంతుడే తొలిచి యిచ్చిన పూస యది. పసిబిడ్డల టోపీలకును దుష్టశక్తులు సోకకుండ నాణెములు, పూసలు కుట్టు వాడుక కలదు. బాలిక యెదుగుచున్నకొలది టోపీకి అలంకారములు పెరుగును. ఈడు వచ్చినపుడొకటి, పెండ్లినాటికి మరియొకటి. శిరమునుచూచి వయస్సు చెప్పవచ్చును.

ఆ నాణెములను పరీక్షించినచో మనకు మరియొక వింత కనబడును. వానిలో పెక్కు ఫ్రెంచివారి ఇండోచైనా నాణెములు. మరికొన్ని ఐదవ జార్జి చక్రవర్తి ముఖముగల మన వెండిరూపాయలు! బర్మాదేశము 1937 వరకు హిందూదేశ ప్రభుత్వముక్రింద నుండెను గావున మన రూపాయియే అచ్చట చెల్లుచుండెను. అది వర్తకులచేతులమీదుగ షాన్ కొండలకెక్కి అఖా స్త్రీల శిరమున చేరినది. గోదావరీ మండలపు కోరంగి రేవునుండి పడవలెక్కి రంగూనుకు పోయి, వరిమిల్లులలోను, రేవులలోను చెమటోడ్చిన మన తెలుగువారిని బర్మావారు కోరంగీలనిరి. వారు మూటగట్టి యింటికి తెచ్చిన రూపాయియు, ఆ కొండస్త్రీ టోపీకి కుట్టుకొన్న రూపాయియు ఒకే టంకసాలవి. ఒక తులము బరువుగల ఆ రూపాయిలో పండ్రెండుపాళ్ళకు పదునొకండుపాళ్ళు మేలిమి వెండి యుండెను. 1940లో వెండి సగమునకు తగ్గెను. 1947లో అసలు లేకపోయెను. నాణెమునందలి రాజు ముఖముకంటె దాని వెండిపాలునే కొండస్త్రీ గౌరవించెను. మన అమ్మమ్మల కాసులపేరు నెరిగినవారికి ఈ లెక్క క్రొత్తది గాదు. మన లంబాడీ స్త్రీలును అణాలు, రూపాయలు దుస్తులకు కుట్టుకొని తిరిగినవారే.

యునాన్ హానీ స్త్రీల రొమ్ముపై వ్రేలాడు గుండ్రని వెండిబిళ్ళపై చేప, ఎండ్రకాయ, కప్ప మున్నగు నీటిజంతువులను చెక్కుదురు. నీటిమడిచే బ్రదుకువారికి నీటిప్రాణులు శుభచిహ్నములగుట సహజము. వారి పురాణగాథలలో సృష్ట్యాదియందు మహామత్స్యమొకటి యుండెననియు, దానినుండి దేవతలు వెలువడిరనియు కలదు. మత్స్యావతారకథ వినుచు పెరిగిన మనకు ఆ బిళ్ళపైచేప పరాయిదిగ తోచలేదు.

హానీలకు పూర్వము లిపి లేదు. 1957లో రోమనులిపి ననుసరించి వారి భాష కొక వ్రాత కల్పింపబడినది. అంతవరకు చరిత్రయంతయు నోటిమాటయే. తండ్రి పేరులోని తుది అక్షరము కొడుకు పేరునకు మొదటగ వచ్చునట్లు పేర్లు పెట్టి, ఏబది అరువది తరములదాక వంశమును వల్లించువారు వారిలో కలరు. కాని ఆ వంశమాల పురుషులది. స్త్రీ తన పేరును అందులో జేర్చజాలదు. ఆమె తల్లినుండి నేర్చిన అంచుకుట్టును కుమార్తె అంగీపై కుట్టును. ఆ కుమార్తె తన కుమార్తెకు నేర్పును. స్త్రీలవైపు వంశమెట్లు సాగినదో తెలియవలెనన్న అంగీ అంచులనే చూడవలెను.

పండుగనాటి వేషము

ఈ దుస్తులు పూర్తిగ కనబడునది పండుగలలో. చాంద్రమానపు ఆరవ మాసమున కుజాజా పండుగ వచ్చును. నాట్లు ముగిసి పైరు ఎదుగుచున్న కాలమది. గ్రామమున పెద్ద ఊయల నిలిపి ఊగుదురు. అఖాలలో ఊయలపండుగ స్త్రీల పండుగగ పేరొందినది. సంవత్సరము పొడవున కుట్టిన క్రొత్త కట్టును ఆ దినముననే బయటికి తీయుదురు. మన అట్లతద్దెకు ఆడపిల్లలు ఊయలలూగుట తలపునకు రాక మానదు. పదవ మాసమున వారి సంవత్సరాది. ల్యూచున్ పట్టణమున వీధి పొడవునను బల్లలు వరుసగ చేర్చి ఊరంతయు ఒకేపంక్తిని భుజించు విందు ఆ పండుగకు ప్రత్యేకము.

నేటి స్థితి

ఇంతవరకు వర్ణించినదంతయు నిత్యవాడుకలో నున్నదని చదువరులు తలపరాదు. పురుషులు తమ పూర్వపు నల్లఅంగీని, తలపాగను ఎన్నడో విడిచి షరాయి చొక్కాలకు దిగిరి. 1966 మొదలు 1976 వరకు చైనాలో పాతయాచారములన్నియు నిందింపబడిన కాలమున పండుగదుస్తులకును గౌరవము తగ్గెను. పిమ్మట మిల్లుబట్ట చవుకగ దొరకెను. రంగుపొడి డబ్బాలలో వచ్చెను. యంత్రమున కుట్టిన పూలపట్టీలు గజముల లెక్కన సంతలో అమ్ముడగుచున్నవి. వెండికి బదులు తేలికలోహపు బిళ్ళలు మెరయుచున్నవి. థాయిలాండు అఖాలలో పెక్కుకుటుంబములు కరవుదినములలో పాతశిరోభూషణములను పురాతనవస్తువులు కొనువారికి అమ్ముకొనిరి. అవి యిప్పుడు దూరదేశముల అద్దాలబీరువాలలో నున్నవి.

మెట్లపొలములకు పేరు వచ్చిన పిదప యాత్రికులు వేలకొలదిగ వచ్చుచున్నారు. సూర్యోదయవేళ మళ్ళ నీటిలో మేఘముల నీడలు చూచు మిట్టలపై, యాత్రికులకు హానీ దుస్తులు అద్దెకిచ్చు దుకాణములు వెలసినవి. పట్టణపు యువతి యొకతె గడియసేపు ఆ వేషము తొడిగి ఛాయాచిత్రము తీయించుకొని విడిచి వెళ్ళును. ఆ దారినే హానీ యువతి పనిబట్టలతో గంప మోయుచు పోవుచుండును. ఇది చూచి వెంటనే నిట్టూర్చి “అయ్యో, పాతకాలపు సొగసు పోవుచున్నదే!” యనుట సులభము. మేమును మొదట అట్లే అనుకొనబోతిమి.

నీలిబాన యింటి అవ్వతో మరల మాటలాడినపుడు సంగతి వేరుగ కానవచ్చెను. ఆమె మనుమరాలు తూర్పుతీరపు నగరమున నొక కర్మాగారములో పనిచేయుచున్నదట. “ఆ పిల్లకు ఈ పని నేర్పితిరా?” యని అడిగితిమి. అవ్వ నవ్వి చెప్పినమాటను బాలిక యిట్లు వినిపించెను: “కుట్టుపని నేర్పితిని, వడకుట నేర్పలేదు. నా చిన్ననాడు పొలమునుండి వచ్చి, వంటచేసి, పందులకు పెట్టి, అందరును పండుకొన్న పిమ్మట దీపముకడ నూలు తీసితిని. ఒక్క అంగీకి ఒక్క చలికాలము పట్టెను. నా కన్నులు అచ్చటనే పోయినవి. ఆ పిల్ల కన్నులు బాగుండవలెను. పండుగకు వచ్చునపుడు తొడుగుకొనుటకు నేను కుట్టియుంచెదను.”

ఈ మాట మమ్ము చాల ఆలోచింపజేసినది. జాతి వేషమును కాపాడవలెనని సభలలో చెప్పుదుము. కాపాడవలసినది మాత్రము స్త్రీయే. పురుషుడు విడిచిన దినమున ఎవ్వరును శోకింపలేదు. స్త్రీ విడువబోయినపుడు సంప్రదాయము కూలిపోవుచున్నదను కేక పుట్టును. హానీ కొండలలోనే గాదు, మన యిండ్లలోను ఇంతే కదా! పంచె పోయి షరాయి వచ్చినపుడు లేని చర్చ, చీరను గూర్చి ఎన్ని విధముల జరిగినది! చూచువారికి సొగసైనది చేయువారికి భారమైనయెడల, ఆ భారమును తూచకుండ సొగసును మాత్రము మెచ్చుట న్యాయముగాదు.

అట్లని ఆ విద్య నశించినను నష్టములేదని మేమనుట లేదు. ఆకులో దాగిన నీలమును ఏ పాఠశాలయు లేకయే కనుగొని, సున్నమెంత, బూడిదనీరెంత, ఏ వాసనకు బాన సిద్ధమగునో తరతరములుగ తల్లులు కుమార్తెలకు చెప్పుకొనివచ్చిన శాస్త్రము సామాన్యమైనదిగాదు. అది నిలువవలెనన్న దానికి తగిన వెల రావలెను. యాత్రికులు అద్దెవేషమునకిచ్చు సొమ్ములో కొంతయైన చేనేతబట్టకు, చెట్టునీలికి చెల్లింపబడినచో, రాత్రి దీపముకడ చేయు పని పగటివేళ చేయదగిన వృత్తి యగును. అప్పుడది అవ్వ కన్నులను తినదు. కొన్ని గ్రామములలో స్త్రీలు కూడి కుట్టుపని చేసి సంచులుగ, పట్టీలుగ అమ్ముచుండుట మేము చూచితిమి. యంత్రపుపట్టీ ప్రక్కన చేతిపట్టీ వెల ఎక్కువగనుండును. కొనువారు బేరమాడి వెళ్ళిపోవుదురు. మేము కొనిన పట్టీ వెడల్పు రెండంగుళములు. దానిని కుట్టుటకు పండ్రెండు రాత్రులు పట్టినదని అమ్మిన స్త్రీ వ్రేళ్ళు మడచి చూపినది.

చేనేతచీర బేరమాడునపుడు మనలో నెందరు ఆ లెక్క వేయుదురు? మంగళగిరియైనను, పోచంపల్లియైనను, ఐలావో కొండలయైనను, నేతకు పట్టిన దినములు కంటికి కనబడవు. అంగడిలో వెల మాత్రమే కనబడును. ఒక బట్ట చేతికి వచ్చినపుడు దాని రంగును, అంచును చూచునట్లే దాని దినములనుకూడ లెక్కించుట గృహిణులమైన మనకు కష్టమైన పనిగాదు. ఇంటిపని లెక్కకు రాని బాధ యేమో మనకు తెలిసినంతగ మరియెవరికి తెలియును?